నరహరి డీజే, ముగ్గురు చెల్లెళ్ళు

గోదారి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుసుకునే చోట, రెల్లుపొదల వెనక, ఒక లంక ఉంది. మేకలూ గేదెలూ బాతులూ అక్కడ ఎవరి పేటలో వాళ్ళు కాపురాలు చేసుకుంటూ, పక్కపేట సంగతులు చెవులు కొరుక్కుంటూ బతుకుతుంటారు. వైశాఖం వచ్చిందంటే లంకంతా పెళ్ళిళ్ళ గోలే. పూర్వం పెళ్ళికి కప్పల మేళం పిలిచేవారు. కప్పల విద్యకు వంక పెట్టలేం గానీ, చినుకు పడితే తప్ప వాళ్ళ గొంతు పెగలదు. ఎండాకాలం వెళ్ళి ఎంత బతిమాలినా బురద కింద నుంచి తల బయటపెట్టకుండా, "తొలకరికి పెట్టుకోండి" అని కబురంపేవారు. అందుకే నక్క నరహరి ఎక్కణ్ణుంచో డీజే పెట్టెలు తెచ్చి బండికెత్తిన నాటి నుంచి వాడి దశ తిరిగిపోయింది.

పెట్టెలంటే అలాంటిలాంటివి కావు, ఒక్కోటి దూడంత ఎత్తు. వాటి మీద ఎర్రవీ పచ్చవీ దీపాలు, ముందు పొగ వదిలే గొట్టం. నరహరి మెడలో ఎప్పుడూ మైకు వేలాడుతుంది, కళ్ళకు నల్లద్దాలుంటాయి. పెళ్ళి అన్న మాట ఎక్కడ వినబడినా ఆ ఇంటి గుమ్మంలో వాడి బండి వాలిపోతుంది.

ఆ ఏడు మేక ముత్యాలు కూతురు చుక్కకు అవతలి లంక సంబంధం కుదిరింది. పిల్లాడు నెమ్మదస్తుడు, మేత దగ్గర కూడా పక్కవాడికి చోటిచ్చే రకం. చుక్కకు నచ్చాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ పిల్లాడి నాయనమ్మ అచ్చియ్యమ్మ ఒక్కతే గండం. ఆవిడకు శకునాల పట్టింపు జాస్తి. తుమ్ము వినబడితే బయల్దేరిన కాలు వెనక్కి తీసుకుంటుంది. ఇంతకుముందు ఆడపెళ్ళివారిలో ఎవరో తుమ్మారని పీటల మీద కూర్చున్న మనవణ్ణి లేపి ఇంటికి తీసుకుపోయిన ఘనురాలు.

ఇటు చూస్తే ముత్యాలు మొగుడు పోలయ్య ముక్కు సంగతి లంకంతటికీ తెలుసు. జీలకర్ర వాసన తగిలితే చాలు, తుమ్ము ఆగదు. పెళ్ళిలో ఆ జీలకర్రనే కదా బెల్లంతో నూరి పిల్లా పిల్లాడి నెత్తిన పెట్టించేది. కన్యాదాత పీటల పక్కనే కూర్చోవాలి, ఎక్కడికీ పంపడానికి లేదు.

"ముక్కు మూసుకుంటానే," అన్నాడు పోలయ్య.

"కాళ్ళు కడిగి పిల్లనిచ్చేవాడివి ముక్కు మూసుకు కూర్చుంటే ఆవిడ ఏవనుకుంటుందయ్యా? మా పిల్లాడు కంపు కొడుతున్నాడా అని లేచిపోతుంది."

"మరెలాగే?"

"గట్టిమేళం ఎందుకు పెట్టారు పెద్దలు? కొంగ పంతులు రెక్క ఎత్తి గట్టిమేళం అనగానే సన్నాయీ డోలూ ఒక్కసారి లేస్తాయి. ఆ హోరులో పక్కన పిడుగు పడినా వినబడదు. ఇక నీ తుమ్మెంత?"

"మేళం ఆలస్యంగా పడితే?"

"పడకూడదు," అంది ముత్యాలు. "పడితే మన చుక్క పీటల మీంచి లేచి ఇంటికి రావాలి. అది నా బొందిలో ఊపిరుండగా జరగదు."

అన్నదంటే అన్నదే. ముత్యాలు పట్టుదల అలాంటిది. అందని కొమ్మ కనబడితే మిగతా మేకలు పక్క కొమ్మ చూసుకుంటాయి. ముత్యాలు మాత్రం ఆ కొమ్మ కిందే నుంచుని, అందేదాకా ముందుకాళ్ళు ఎత్తుతూనే ఉంటుంది. ఆ పూటే నరహరి దగ్గరికి బయల్దేరింది.

నరహరి రెల్లుపొద నీడలో పెట్టెలు తుడుచుకుంటున్నాడు. ఆమెను చూడగానే గుడ్డ పక్కన పడేశాడు.

"రా చెల్లెమ్మా, రా. ఎండలో వచ్చావు, నీడలో నుంచో."

"మా చుక్క పెళ్ళి. వచ్చే పంచమి పొద్దుటి లగ్నానికి డీజే కావాలి."

"నువ్వు అడగాలా? ఈ పెద్ద పెట్టెలే తెస్తాను. పొగ పెడతాను. ఊరేగింపులో దీపాలు గిర్రున తిప్పుతాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఇంకోసారి పెళ్ళి చేయండి అంటారు, చూసుకో."

"పొగ ఉన్నా సరే, లేకపోయినా సరే. నాకు కావలసింది గట్టిమేళం. పంతులు రెక్క ఎత్తగానే మోగాలి. దానికి నువ్వే పెట్టె దగ్గరుండి పంతుల్నే చూస్తూ ఉండాలి."

"ఉంటాను."

"నీ బదులు ఇంకొకర్ని పంపిస్తే ఒప్పుకోను."

నరహరి నల్లద్దాలు తీశాడు. అద్దాలు తీశాడంటే బేరం ఖాయం చేసుకుంటున్నాడని అర్థం.

"చెల్లెమ్మా, నీకు తోడబుట్టినవాడు లేడని నాకు తెలుసు. వరదలో పోయాడు పాపం. నేను లేనూ? ఇవాళ్టి నుంచి నన్ను అన్ననుకో. చుక్క నా మేనకోడలు. మేనకోడలి పెళ్ళికి మేనమామ తను రాకుండా వేరేవాణ్ణి పంపిస్తాడా?"

ముత్యాలుకు కళ్ళు చెమర్చాయి. ఆమె అన్న వరదొచ్చిన ఏడు మందలోని పిల్లలందర్నీ గట్టెక్కించి, చివరికి తను కాలు జారి నీళ్ళలో కొట్టుకుపోయాడు. పెళ్ళి కుదిరినప్పటి నుంచి ఆమె మనసులో ఒకటే దిగులు, పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే మేనమామ లేడే అని. నరహరి ఆ మాట అనేసరికి నిజంగానే అన్న తిరిగొచ్చినంత సంతోషం కలిగింది. బయానాగా తెచ్చిన జున్ను కుండ వాడి ముందు పెట్టి, తేలికపడిన మనసుతో ఇంటికొచ్చింది.

ఆ తేలిక ఎక్కువ రోజులు నిలవలేదు. ముహూర్తం సంగతులు మాట్లాడదామని రేవుకు వెళితే, కొంగ పంతులు ఒంటికాలి మీద నుంచుని నీళ్ళలోకి చూస్తూ అడిగాడు.

"మేళం ఎవరిదమ్మా?"

"నరహరి డీజేనండి."

"ఓహో, నీకూ వాడేనా?"

"నాకూ అంటే?"

"అదే లగ్నానికి గేదె మాణిక్యం కూతురి పెళ్ళి ఉంది. బాతు వరాలు కూతురి పెళ్ళి ఉంది. ఈ నెలలో మంచి లగ్నం అదొక్కటే కదమ్మా, అందరూ దాని మీదే పడ్డారు. మూడు చోట్లా వాడే వాయిస్తున్నాడని విన్నాను."

"మూడు చోట్లకీ పంతులు మీరేగా? మీరెలా వెళ్తారండి?"

"నాకు రెక్కలున్నాయి. ఒకచోట జీలకర్ర పెట్టించి ఇంకోచోటికి ఎగిరిపోతాను. లగ్నం కాస్త సాగుతుంది. సాగకపోతే నేను సాగదీస్తాను."

"డీజే బండికి రెక్కల్లేవు కదండీ."

పంతులు ముక్కు నీళ్ళలో ముంచాడు. అప్పుడే ఆయనకు చేప కనబడింది.

ముత్యాలు తిన్నగా గేదెల పేటకు వెళ్ళింది. మాణిక్యం మెడదాకా మడుగులో ఉండి నెమరేస్తోంది. లంకలో పెద్ద ఇల్లు తమదేనని ఆమెకు కాస్త అతిశయం.

"వదినా, నువ్వూ నరహరినే పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. నీ సంగతి కూడా చెప్పాడులే."

"ఏవని చెప్పాడు?"

"మేకల పెళ్ళిలో చిన్న పెట్టె ఒకటి పడేసి, పెన్‌డ్రైవ్ గుచ్చి వచ్చేస్తాడుట. అది దాని మానాన అది మోగుతూ ఉంటుందిట. మేకలకి ఏం తెలుస్తుంది చెల్లెమ్మా, నేను మాత్రం నీ పందిట్లోనే ఉంటాను అన్నాడు."

"చెల్లెమ్మా అన్నాడా?"

"అన్నాడు. నా కూతురు వాడికి మేనకోడలుట."

ముత్యాలుకు ఒళ్ళు మండిపోయింది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాళ్ళను ఆమె ఇదివరకూ చూసింది, దానికి ఇంత కోపం రాదు. పోయిన అన్నను గుర్తు చేసి, ఆ ఏడుపు మీద బేరం కుదుర్చుకున్నాడే, అదీ ఆమెను కాల్చింది. పెన్‌డ్రైవ్‌కి పంతులు రెక్క ఎప్పుడెత్తాడో ఎలా తెలుస్తుంది? పోలయ్య తుమ్ము ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది? చుక్క బతుకు దాని చేతిలో పెట్టి పోతాడా వీడు?

"లే వదినా. వరాలు దగ్గరికి పోదాం," అంది.

బాతు వరాలు నోరు మంచిది కాదని పేరు. ఇద్దరూ చెప్పిందంతా విని మెడ నిక్కించింది.

"నాతోనూ అన్నయ్యననే చెప్పాడమ్మా. నీ పిల్ల పెళ్ళి నేను దగ్గరుండి చేయిస్తాను, గేదెలకీ మేకలకీ పెన్‌డ్రైవులే అన్నాడు."

"గేదెలకా?" అంది మాణిక్యం. ఆమె నెమరేయడం ఆగిపోయింది.

"గేదెలకే. వాళ్ళకి ఒళ్ళే గానీ చెవుల్లేవు అని కూడా అన్నాడు. నేను అనలేదమ్మా, వాడన్నాడు."

వరాలు అప్పుడే నరహరి మొహం మీద కడిగేస్తానని బయల్దేరబోయింది. ముత్యాలు అడ్డం నుంచుంది.

"అడిగితే ఏవవుతుంది? తప్పయిపోయింది క్షమించమంటాడు. ముగ్గురిలో ఒకరి దగ్గరికి వెళ్తాడు, తక్కిన ఇద్దరికీ పందిట్లో మేళం ఉండదు. లంకలో ఇంకో డీజే లేదు, కప్పలు లేవరు. మనం ముగ్గురం కొట్టుకుంటే వాడికి పండగ."

"అయితే చేతులు ముడుచుకు కూర్చోమంటావా?"

"మూడు పెళ్ళిళ్ళూ ఒక్క పందిట్లో చేద్దాం. నీళ్ళు తగ్గి ఇసుకతిప్ప బయటపడింది కదా, దాని మీద వేద్దాం పందిరి. అప్పుడు వాడు ఎక్కడున్నా మన ముగ్గురి దగ్గరా ఉన్నట్టే."

"మేకలతోటీ బాతులతోటీ కలిసి మా పెళ్ళా?" అంది మాణిక్యం.

"పోనీ పెన్‌డ్రైవ్‌తో చేసుకో," అంది వరాలు.

మాణిక్యం దిగొచ్చింది. "అంతా బాగానే ఉంది గానీ, మన పథకం తెలిస్తే వాడు బయానాలు మింగేసి ఆ రోజుకి ఏ అడవిలోకో పోతేనో?"

"పోకుండా కట్టేస్తాను. తాడు కూడా వాడే ఇచ్చాడు," అంది ముత్యాలు. "అన్నయ్యనన్నాడుగా."

పందిరి రాట వేసే రోజున ఇసుకతిప్ప మీదికి మూడు పేటలవాళ్ళూ వచ్చారు. అవతలి లంక నుంచి మగపెళ్ళివారినీ పిలిచారు. అచ్చియ్యమ్మ గెడ్డం దువ్వుకుని వచ్చి, ఎదురొచ్చేవాళ్ళను ఎగాదిగా చూస్తూ మంచంలో కూర్చుంది. పెట్టెలు ఎక్కడ పెట్టాలో చూసి పొమ్మని నరహరికీ కబురు వెళ్ళింది. వాడు వచ్చేసరికి ముగ్గురు తల్లులూ ఒక్కచోట నుంచుని కనబడ్డారు. తన గుట్టు బయటపడిందని వాడికి తెలిసిపోయింది. అయినా అద్దాలు సర్దుకుని నవ్వాడు. నవ్వు వాడికి పెట్టుబడి.

ముత్యాలు పళ్ళెంలో పసుపూ కుంకం, కొత్త తువ్వాలు పట్టుకుని ఎదురెళ్ళింది.

"రా అన్నయ్యా. నీ కోసమే చూస్తున్నాం," అని నుదుట బొట్టు పెట్టి, మెడలో తువ్వాలు వేసింది.

అచ్చియ్యమ్మ మంచంలోంచి మెడ సాచింది. "ఎవరే ఈ నల్లద్దాలాయన?"

"పిల్ల మేనమామండి, పెద్దమ్మగారూ. చుక్కని గంపలో మోసుకొచ్చేది ఈయనే."

"నక్క మేనమామేవిటే?"

"నేను కల్పించుకున్న వరస కాదండి. ఆయన నోటితో ఆయనే అన్నాడు. మీరే అడగండి."

"ఏవయ్యా, నిజవేనా?" అని అడిగింది అచ్చియ్యమ్మ. "నిజవైతే సరే. అబద్ధాలాడే వాళ్ళ మేళం మా లంకలో అడుగు పెట్టదు. ఈ ఏడు మా వైపు పెళ్ళిళ్ళన్నీ నేను చెప్పిన మేళంతోనే జరుగుతాయి, తెలుసుగా."

నరహరి గబగబా లెక్కలేసుకున్నాడు. కాదంటే అవతలి లంక బేరాలన్నీ పోతాయి. అవునంటే ఒక మేకపిల్లను గంపలో మొయ్యాలి, అంతేగా. మేకపిల్ల బరువెంత.

"నిజవేనండి. చుక్క నా మేనకోడలేనండి," అన్నాడు.

"మరి నాకూ అన్నయ్యేగా," అని మాణిక్యం ముందుకొచ్చింది. ఇసుక అదిరింది. "మా పిల్లకీ మేనమామ ఈయనేనండి, పెద్దమ్మగారూ."

"నాకూనండి," అంది వరాలు. "నా దగ్గర కూడా అద్దాలు తీసి మరీ చెప్పాడండి."

నరహరి చుట్టూ ఉన్న మూడు పేటలవాళ్ళనీ చూశాడు. ఒకరికి అన్నయ్యనని ఇంకొకరికి కాదంటే ఊరుకునే జనం కాదు అక్కడున్నది. కక్కలేక మింగలేక తల ఊపాడు.

"మంచివాడివయ్యా," అంది అచ్చియ్యమ్మ. "ముగ్గురు చెల్లెళ్ళ భారం మోస్తున్నావు. ఈ రోజుల్లో సొంత అన్నలే చూడటం లేదు."

అక్కణ్ణుంచి నరహరికి తెరిపి లేదు. మేనమామ అంటే గంప ఒక్కటే కాదు కదా. చెల్లెలింటి పెళ్ళిలో ఫీజు అడగడానికి నోరెలా వస్తుంది, పైగా సారె పట్టుకెళ్ళాలి. మేకలకు అవిశాకు కట్టలు తెచ్చాడు. గేదెలకు పిల్లిపెసర మోపులు మోశాడు. బాతులకు నత్తలు ఏరడానికి మోకాలి లోతు బురదలో దిగాడు. ఒక పూట మానేద్దామనుకుంటే వరాలు వెతుక్కుంటూ వచ్చి, "అన్నయ్యా, నత్తలేవీ?" అని నలుగురిలో అరిచేది.

పంచమి పొద్దున్న ఇసుకతిప్ప కళకళలాడింది. కొబ్బరాకుల పందిరి, మామిడి తోరణాలు, ఒక పక్కగా దూడంత పెట్టెలు. పెళ్ళికొడుకులు ముగ్గురూ పీటల మీద కూర్చున్నారు. ఎదురుగా అడ్డుతెర పట్టారు. కొంగ పంతులు, "మేనమామగారూ, పిల్లల్ని తీసుకురండి," అని కేకేశాడు.

ముందు బాతుపిల్లను తెచ్చాడు నరహరి. పెద్ద కష్టం కాలేదు. తర్వాత చుక్కను ఎత్తుకున్నాడు. అది భయానికి గంపలో నాలుగు కాళ్ళూ ఝాడించింది, అయినా తెచ్చాడు. ఇక మూడో గంప దగ్గరికెళ్ళి చూస్తే, అందులో మాణిక్యం కూతురు కూర్చుని సిగ్గుపడుతోంది. గంప ఎక్కడుందో కనబడలేదు.

"ఇది నా వల్ల కాదు," అన్నాడు మెల్లిగా.

"నా కూతురు బరువనా నీ ఉద్దేశం?" అంది మాణిక్యం.

గేదెల పేటంతా తలలు తిప్పి చూసింది. నరహరి గంప కింద దూరాడు. దున్నలు నాలుగు వైపులా సాయం పట్టాయి గానీ, మేనమామ భుజం మీద ఆనకపోతే లెక్కలోకి రాదని వాడి మీద ఆనించాయి. పందిరిలోకి వచ్చేసరికి వాడి నడుం ధనుస్సులా వంగింది, అద్దాలు ఎక్కడో రాలిపోయాయి. మూలుగుతూ పెట్టెల దగ్గర కూలబడ్డాడు.

ముత్యాలు వచ్చి వాడి పక్కన నుంచుంది. కన్యాదాత పక్కన కూర్చోవలసిందే గానీ, కాళ్ళు కడిగే తంతు అవగానే లేచి వచ్చేసింది. మేళం పడేదాకా వాణ్ణి నమ్మేది లేదని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది.

జీలకర్ర బెల్లం ముద్దలు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. వాసన గాలిలో లేచింది. అక్కడ పోలయ్య ముక్కు చివర చిన్నగా అదిరింది.

"ఇక చూస్తూ ఉండు అన్నయ్యా, పంతులు రెక్క ఎత్తుతాడు," అంది ముత్యాలు.

నరహరి మెడలోని మైకును ఒక చేత్తో గట్టిగా మూశాడు. అప్పుడు పళ్ళు బయటపెట్టాడు.

"చూస్తాను. కానీ మీట నొక్కను."

"ఏవన్నావు?"

"నొక్కనన్నాను. నడుం విరగ్గొట్టారు, బురదలో దింపారు, నోరు మూసుకుని పడ్డాను. ఇప్పుడు నా వంతు. నువ్వు అచ్చియ్యమ్మ దగ్గరికెళ్ళు. వీడు మేనమామా కాదు, ఏమీ కాదు, మేమే బలవంతంగా అంటగట్టాం అని చెప్పు. ముగ్గురి ఫీజూ ఇప్పిస్తానని ఒప్పుకో. లేదంటే నీ మొగుడి తుమ్ము ఈ లంక మొత్తం వింటుంది."

ముత్యాలు పందిట్లోకి చూసింది. పోలయ్య ముక్కు పుటాలు తెరుచుకున్నాయి. ముఖం ఆకాశం వైపు లేస్తోంది. అచ్చియ్యమ్మ చెవులు నిక్కించి, మనవడి పక్కనే కూర్చుంది. అడ్డుతెర వెనక చుక్క తల వంచుకుని, చేతిలో ముద్ద పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆ బిడ్డ మొహం చూసేసరికి ముత్యాలులో ఉన్న భయం కాస్తా పోయింది.

"నొక్కవా?"

"నొక్కను."

"గట్టిమేళం, గట్టిమేళం," అని కొంగ పంతులు రెక్క ఎత్తాడు.

ముత్యాలు ముందుకాలు ఎత్తింది. నరహరి తోక ఇసుకలో చాపి ఉంది. దాని మీద గిట్ట వేసి, తన ఒంటి బరువంతా మోపి తొక్కింది.

నరహరి పెట్టిన కేకకు మైకు మూసిన చెయ్యి జారిపోయింది. ఆ కేక దూడంత పెట్టెల్లోంచి వంద నక్కల కూతయి లేచింది. ఎగిరిపడిన వాడి ముందుకాలు వెళ్ళి మీట మీదే పడింది. సన్నాయీ డోలూ కలిసి విరుచుకుపడ్డాయి. ఆ హోరులో పోలయ్య తుమ్మాడు. తల మోకాళ్ళకు తగిలేంతగా తుమ్మాడు. పక్కనున్నవాళ్ళకు కూడా వినబడలేదు. ముద్దలు నెత్తిన పడ్డాయి, తెర దిగింది, చుక్కా పిల్లాడూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

అయితే అచ్చియ్యమ్మ లేచి నుంచుంది. చెయ్యెత్తి మేళం తగ్గించమని సైగ చేసింది. ముత్యాలు తొక్కిన కాలు మాత్రం తియ్యలేదు. ముసలామె గెడ్డం ఊపుకుంటూ పెట్టెల దగ్గరికి వచ్చింది.

"మేళం కంటే ముందు ఒక కూత వినబడింది. ఏవిటది?"

"నక్క కూతండి," అంది ముత్యాలు. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"లగ్నం వేళ నక్క ఎందుకు కూసిందీ?"

"నేను తోక తొక్కానండి. ఇంకా తొక్కే ఉన్నాను."

అచ్చియ్యమ్మ వంగి ఇసుకలోకి చూసింది. గిట్ట కింద తోక ఉంది. తోక చివర నరహరి ఉన్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎనభై శకునాలు తెలుసు నాకు," అంది చివరికి. "మా అత్తగారు చెప్పినవి కొన్ని, నేను కనిపెట్టినవి కొన్ని. అన్నిట్లోకీ గొప్పది నక్క తోక తొక్కడం. మా వంశంలో ఎవరికీ దొరకలేదే అది. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి నా మనవడికి దొరికింది." ఆవిడ ముత్యాలు వైపు తిరిగింది. "కాలు తియ్యకు వియ్యపురాలా. వాడు మూడు ముళ్ళూ వేసేదాకా అలాగే ఉంచు."

"అలాగేనండి," అంది ముత్యాలు. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆనందంగా ఏడ్చింది, కాలు మాత్రం కదపలేదు.

ఈ మాట పందిరంతా పాకింది. మాణిక్యం లేచి వచ్చేసింది.

"అన్నయ్యా, ముత్యాలు పిల్లకేనా అదృష్టం? మా పిల్లకి వద్దా?"

"వద్దమ్మా. నీ కాలు వద్దు. నీకు దండం పెడతాను," అన్నాడు నరహరి. మైకు ఇంకా మోగుతూనే ఉంది, ఆ దండం లంకంతా విన్నది.

"ముగ్గురు చెల్లెళ్ళనీ ఒకేలా చూడాలయ్యా," అంది అచ్చియ్యమ్మ. "పక్షపాతం పనికిరాదు."

మాణిక్యం తొక్కింది. ఆమె తర్వాత వరాలు ఎక్కింది. బాతు కాలుకి బరువు లేదు గనక ఆమె దాని మీద కాసేపు గెంతింది కూడా. ఆ కూతలూ సన్నాయీ కలిసి మూడు పెళ్ళిళ్ళూ నిర్విఘ్నంగా జరిగిపోయాయి. తలంబ్రాల వేళ పోలయ్య మళ్ళీ తుమ్మాడు గానీ, అచ్చియ్యమ్మ నవ్వి ఊరుకుంది. నక్క తోక మీద కాలున్నప్పుడు తుమ్ము ఏం చేస్తుందిలే అంది.

నరహరి ఇప్పటికీ డీజే వాయిస్తున్నాడు. ఒక లగ్నానికి ఒకటే పెళ్ళి ఒప్పుకుంటాడు, పంతులు రెక్క మీంచి చూపు తిప్పడు. ఈ మధ్య కోడి ఒకతె బేరానికి వచ్చి, "మా పిల్ల పెళ్ళి అన్నయ్యా," అని మొదలెట్టగానే తోక రెండు కాళ్ళ మధ్య దాచుకుని, గోడకు ఆనుకుని నుంచున్నాడుట.

"అన్నయ్య కాదండి," అన్నాడుట. "డీజేనండి. ఒట్టి డీజేనండి."

నోటితో కలుపుకున్న చుట్టరికాన్ని మోయవలసింది నడుమే గనక, మోయగలిగితేనే వరస కలపాలి.